ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా మీ బలాలేంటి, లోటెక్కడ? మీ స్టోరీబోర్డులతోనే తేల్చుకోండి

అప్రైజల్ సీజన్ రాగానే హెచ్‌ఆర్ నుంచి ఫారం వస్తుంది. మీకు మీరే మార్కులు వేసుకోవాలి. కమ్యూనికేషన్ 4, స్టోరీబోర్డింగ్ (కోర్సులో ఏ స్క్రీన్‌లో ఏముండాలో రాయడం) 4, టూల్స్ 3, టీమ్‌వర్క్ 5. పది నిమిషాల్లో నింపి పంపేస్తారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అవే అంకెలు. వాటివల్ల మీ మేనేజర్‌కి తెలిసేదేమీ లేదు, మీకు తెలిసేది అంతకన్నా లేదు. ఎందుకంటే అవి పనిని చూసి వేసినవి కావు, ఆ పూట మనసు ఎలా ఉందో దాన్ని బట్టి వేసినవి.

మన వృత్తిలో, అంటే సంస్థల సిబ్బందికి శిక్షణ కోర్సులు రూపొందించే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో, ఒక మేలుంది. చేసిన ప్రతి పనీ ఫైళ్ళలో మిగిలే ఉంటుంది. మొదటి డ్రాఫ్టు, దాని మీద వచ్చిన కామెంట్లు, వాటికి మీరిచ్చిన జవాబులు, మారిన వెర్షన్లు, అన్నీ తేదీలతో సహా దొరుకుతాయి. అందుకని ముందు ఆధారాలు తీయండి, మార్కుల సంగతి చివర్లో చూద్దాం. హైదరాబాద్‌లో క్లయింట్లకు కోర్సులు చేసిపెట్టే ఈ-లెర్నింగ్ వెండర్ కంపెనీల్లో, ఫార్మా, బ్యాంకింగ్ సంస్థల ట్రైనింగ్ టీముల్లో పనిచేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. టీచింగ్ నుంచో కంటెంట్ రైటింగ్ నుంచో ఇటు వచ్చినవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు మూడు కోర్సులు తీయండి

గత ఏడాది, ఏడాదిన్నరలో చేసినవాటిలోంచి మూడు ఎంచుకోండి. ఒకటి మీకు బాగా నచ్చినది. ఇంకొకటి రివ్యూల మీద రివ్యూలు నడిచి మీ ప్రాణం తీసినది. మూడోది ఏ విశేషమూ లేకుండా మామూలుగా గడిచిపోయినది. ఆ మూడోదాన్ని మాత్రం వదిలేయకండి. మీ రోజువారీ స్థాయి ఏంటో బయటపడేది అందులోనే.

ఒక్కో కోర్సుకీ ప్రాజెక్టు మొదట్లో జరిగే కిక్ఆఫ్ కాల్ నోట్స్, మీ మొదటి స్టోరీబోర్డ్ డ్రాఫ్టు, దాని మీద ఎస్‌ఎంఈ (విషయ నిపుణుడు), లీడ్, క్లయింట్, క్యూఏ (నాణ్యత చూసేవాళ్ళు) రాసిన కామెంట్లు, చివరికి సైన్ ఆఫ్ అయిన వెర్షన్ ఒకచోట పెట్టుకోండి. వీటిలో మొదటి డ్రాఫ్టు తప్పనిసరి. ఫైనల్ వెర్షన్‌లో మీ లీడ్ అనుభవం, ఎడిటర్ దిద్దుబాటు కూడా కలిసిపోయి ఉంటాయి. దాన్ని చూసి మీ బలాన్ని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

క్లయింట్‌తో ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) ఉంటుంది కాబట్టి ఫైళ్ళను సొంత ల్యాప్‌టాప్‌లోకో పర్సనల్ మెయిల్‌కో పంపుకోవద్దు. ఆఫీసు సిస్టమ్‌లోనే చదవండి. క్లయింట్ పేరు, వివరాలు లేకుండా మీ మాటల్లో నోట్స్ రాసుకోండి. పేరు లేకపోయినా నోట్స్‌కి విలువేమీ తగ్గదు.

దేనితో కొలవాలి?

ఐబీఎస్‌టీపీఐ అనే అంతర్జాతీయ సంస్థ ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌కి ఉండాల్సిన నైపుణ్యాల జాబితాను 2012లో సవరించి ఇచ్చింది. 5 విభాగాల కింద 22 నైపుణ్యాలు అందులో ఉన్నాయి. ట్రైనింగ్ రంగంలో పనిచేసేవాళ్ళ కోసం అమెరికాలోని ఏటీడీ అనే సంఘం తయారుచేసిన మోడల్‌లో 23 ఉన్నాయి. రెండూ ఒకసారి చదవాల్సినవే. కానీ అన్ని గళ్ళూ ఒక్కసారే నింపడానికి కూర్చుంటే సగంలో ఓపిక అయిపోతుంది, మిగతా సగం ఊహించి రాసేస్తాం. వాటి సారాన్ని ఏడు అంశాలకు కుదించుకుంటే చాలు. సమస్యను విశ్లేషించడం. ఆబ్జెక్టివ్‌లు (కోర్సు అయ్యాక నేర్చుకున్నవాళ్ళు ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు) రాయడం. ప్రశ్నలు, యాక్టివిటీలు తయారుచేయడం. స్క్రిప్ట్ రాయడం. టూల్స్, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్ళు కూడా కోర్సు వాడుకోగలగడం). ఎస్‌ఎంఈతో, క్లయింట్‌తో పని నడపడం. కోర్సు వల్ల ఏం మారిందో కొలవడం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్వ్యూల్లో అందరూ కోర్సు తయారీకి వాడే ఆడీ మోడల్‌లోని అయిదు దశలూ (అనాలిసిస్, డిజైన్, డెవలప్‌మెంట్, ఇంప్లిమెంటేషన్, ఇవాల్యుయేషన్) గడగడా చెప్పేస్తారు. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం చేసిన పని నుంచి వచ్చిన పద్ధతి అది. కానీ వెండర్ కంపెనీలో మీ చేతికొచ్చేది నడిమి ముక్క మాత్రమే. అనాలిసిస్ క్లయింట్ దగ్గరే అయిపోయిందంటారు. ఇవాల్యుయేషన్ జరిగితే, అది మీరు ఇంకో ప్రాజెక్టులోకి వెళ్ళాక జరుగుతుంది. కాబట్టి మీకు రావు అనుకుంటున్న వాటిలో కొన్ని నిజానికి మీకు చేసే అవకాశం రానివి. చేతకాకపోవడం వేరు, అవకాశం లేకపోవడం వేరు. చేతకానిదానికి సాధన చేయాలి, అవకాశం లేనిదానికి మేనేజర్‌ని అడగాలి. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది మంచి డిజైనర్లు తమను తాము తక్కువ చేసుకుంటున్నారు.

అందుకే 1 నుంచి 5 వరకు అంకెలు వద్దు. ప్రతి అంశం పక్కన ఈ నాలుగింట్లో ఒకటి రాయండి: ‘సొంతంగా చేశాను’, ‘ఎవరో దగ్గరుండి సాయం చేస్తే చేశాను’, ‘చదివాను, చేసి చూడలేదు’, ‘అవకాశమే రాలేదు’. పక్కనే ఆధారం ఉండాలి. ఏ కోర్సు, ఏ స్క్రీన్, ఏ కామెంట్ అని. ఆధారం చూపించలేని చోట మార్కు వేసుకోవద్దు.

మొదటి డ్రాఫ్టును పరాయివాళ్ళ పని అనుకుని చదవండి

అసలు పని ఇదే. దీనికే ఎక్కువ టైం పెట్టండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జడ్చర్లలోనో పరవాడలోనో ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగానికి లైన్ క్లియరెన్స్ మీద కోర్సు చేయాలనుకోండి. లైన్ క్లియరెన్స్ అంటే ఒక బ్యాచ్ ప్యాకింగ్ అయ్యాక, కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు, పాత బ్యాచ్ తాలూకు లేబుల్, కార్టన్, మాత్ర ఏదీ లైన్ మీద మిగల్లేదని చూసి రికార్డులో సంతకం చేయడం. పాత లేబుల్ ఒకటి మిగిలిపోయిందంటే ఒక మందు డబ్బా ఇంకో మందు పేరుతో బయటికి వెళ్ళే ప్రమాదం ఉంది.

మీ డ్రాఫ్టులో ఆబ్జెక్టివ్ ఇలా ఉందనుకుందాం: ‘ఈ కోర్సు పూర్తయ్యేసరికి లైన్ క్లియరెన్స్ ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకుంటారు.’ అర్థం చేసుకున్నారని ఎలా తెలుస్తుంది? ఆపరేటర్ తల ఊపితే సరిపోతుందా? ఆబ్జెక్టివ్‌లు రాయడానికి వాడే క్రియల పట్టిక, బ్లూమ్ చార్టులోంచి ‘వివరిస్తారు’ అనే క్రియ తెచ్చి అతికించినా ఇబ్బంది తీరదు. ఆపరేటర్ ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు, లైన్ దగ్గర సరైన పని చేయాలి. ‘కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు చెక్‌లిస్ట్‌లో ఉన్న ప్రతి చోటా పరిశీలించి, పాత సామగ్రి కనిపిస్తే లైన్ ఆపి రిపోర్ట్ చేస్తారు’ అని రాస్తే, ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎంత పక్కాగా చేయాలి అన్నీ వచ్చాయి.

మీ మూడు డ్రాఫ్టుల్లోని ఆబ్జెక్టివ్‌లన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయండి. కంటితో చూడగలిగే పని చెప్పేవి ఎన్ని, ‘తెలుసుకుంటారు’, ‘అవగాహన పెంచుకుంటారు’ అనేవి ఎన్ని? లెక్కపెట్టండి. వచ్చిన అంకెను దాచుకోకుండా నోట్స్‌లో రాయండి.

ఇక ప్రశ్నలకు రండి. ప్రతి క్విజ్ ప్రశ్న నుంచి అది ఏ ఆబ్జెక్టివ్‌ని పరీక్షిస్తోందో దానికి గీత గీయండి. ఏ ఆబ్జెక్టివ్‌కీ చేరని ప్రశ్నలు తేలతాయి, ఒక్క ప్రశ్న కూడా చేరని ఆబ్జెక్టివ్‌లు కూడా తేలతాయి. తర్వాత ఆప్షన్లు చూడండి. సరైన జవాబే అన్నిటికన్నా పొడుగ్గా ఉందా? ‘పైవన్నీ’ కనిపించిన ప్రతిచోటా అదే జవాబా? పాఠం చదవని మనిషి కూడా ఊహించి పాసవగలిగితే ఆ క్విజ్ దేన్నీ కొలవడం లేదు.

‘లైన్ క్లియరెన్స్ అంటే ఏమిటి?’ అనే ప్రశ్న జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. దీంతో పోల్చి చూడండి: ‘మీరు బి షిఫ్ట్‌కి వచ్చారు. క్లియరెన్స్ రికార్డులో ఎ షిఫ్ట్ వాళ్ళ సంతకం ఉంది. కన్వేయర్ కింద పాత బ్యాచ్ కార్టన్ ఒకటి పడి ఉంది. లైన్ మొదలుపెట్టమని సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడు. ఏం చేస్తారు?’ ఒక ఆప్షన్: కార్టన్ తీసి చెత్తబుట్టలో వేసి లైన్ మొదలుపెడతాను. రెండోది: పక్కన పెట్టి, షిఫ్ట్ అయ్యాక చెబుతాను. మూడోది: లైన్ మొదలుపెట్టను, సూపర్‌వైజర్‌కీ క్యూఏకీ చెప్పి మళ్ళీ క్లియరెన్స్ చేయిస్తాను. మొదటి రెండూ రోజూ ఎక్కడో ఒకచోట జరిగేవే, అందుకే వాటిని ఎంచుకునే ఆపరేటర్లు ఉంటారు. అలాంటి తప్పుడు ఆప్షన్ రాయాలంటే ఎస్‌ఎంఈని ‘రూల్ ఏంటి?’ అని అడిగితే సరిపోదు, ‘అక్కడ జనం ఎక్కడ పొరపాటు పడుతుంటారు?’ అని అడిగి ఉండాలి. మీ డ్రాఫ్టులో ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా ఉంటే దాన్ని బలాల కింద రాసుకోండి. ఈ పని అందరికీ రాదు.

కామెంట్లను కుప్పలు చేయండి

రివ్యూ కామెంట్లు చదువుతుంటే మనసు కాస్త చివుక్కుమంటుంది. అయినా మీ గురించి ఇంత నిక్కచ్చిగా చెప్పేది ఇంకోటి లేదు. వాటిని నాలుగు రకాలుగా విడదీయండి. అచ్చుతప్పులు, భాష, స్టైల్ గైడ్ పాటించకపోవడం ఒకటి. విషయమే తప్పుగా ఉండటం రెండు. విషయం సరైనదే కానీ చూసేవాళ్ళ స్థాయికి, పనికి అతకకపోవడం మూడు. డెవలపర్‌కి అర్థం కాని సూచనలు, విజువల్ కుదరకపోవడం నాలుగు.

మొదటి కుప్ప పెద్దదైతే అది నైపుణ్యం లోపం కాకపోవచ్చు, పంపేముందు ఒక పూట ఆగి చదివే అలవాటు లేకపోవడం కావచ్చు. రెండోది పెద్దదైతే ఎస్‌ఎంఈ ఇచ్చిన పీపీటీని అర్థం చేసుకోకుండానే స్క్రీన్లుగా ముక్కలు చేశారన్నమాట. మూడోది పెద్దదైతేనే డిజైన్‌లో నిజమైన లోటు ఉన్నట్టు.

‘ఇది కూడా పెట్టండి, అది కూడా పెట్టండి’ అనే ఎస్‌ఎంఈ కామెంట్లు వేరే. అవి వచ్చాయంటే మీ తప్పేమీ లేదు, ఎస్‌ఎంఈలందరూ అడుగుతారు. చూడాల్సింది మీరిచ్చిన జవాబు. అన్నిటికీ ‘చేర్చాను’ అని రాసుకుంటూ పోయి, ఇరవై నిమిషాల కోర్సు నలభై నిమిషాలు అయిందా? లేక ‘ఈ వివరం లైన్ దగ్గర ఆపరేటర్‌కి ఏ నిర్ణయానికి పనికొస్తుంది?’ అని ఒక్కసారైనా అడిగారా? అడిగి, కొన్నిటిని జాబ్ ఎయిడ్‌లోకి (పని దగ్గరే చూసుకునే చిన్న సూచనల కాగితం) మార్చి ఉంటే, క్లయింట్‌తో పని నడపగలరనడానికి అదే రుజువు.

స్క్రిప్ట్‌ను పైకి చదవండి

మన దగ్గర చాలా కోర్సులు ముందు ఇంగ్లిష్‌లో తయారై, చివర్లో తెలుగులోకి వెళతాయి. ‘నూతన బ్యాచ్ ప్రారంభమునకు పూర్వము లైన్ నుండి అనవసర సామగ్రి యావత్తు తొలగించబడినదని నిర్ధారించుకొనవలెను’ అని వాయిస్ ఓవర్ వినిపిస్తే, పదో తరగతి చదివి ఎనిమిది గంటల షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి చెవికి అది చేరదు. ‘కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు లైన్ మీద పాత బ్యాచ్‌ది ఒక్క లేబుల్ కూడా మిగలకూడదు. మీరే వంగి, కళ్ళారా చూసుకోండి’ అంటే చేరుతుంది. లైన్, బ్యాచ్, లేబుల్ లాంటి మాటలు అక్కడ అందరూ వాడేవే, వాటిని తెలుగు చేయాలని చూడకండి.

ఈ రెండో వాక్యం రాయగలగడం గొప్ప బలం. తెలుగు డిజైనర్లు దాన్ని రెజ్యూమేలో రాయను కూడా రాయరు. షాప్ ఫ్లోర్ కార్మికులకు, డెలివరీ సిబ్బందికి, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్లకు, ఆశా కార్యకర్తలకు వాళ్ళు మాట్లాడే భాషలో పాఠం రాయగలిగితే అది పక్కా వృత్తి నైపుణ్యం, దాన్ని పైన పెట్టండి. ఉందో లేదో తేలాలంటే మీ స్క్రిప్ట్‌లోంచి ఒక పేజీ, ఆ పని తెలియని ఇంట్లోవాళ్ళెవరికైనా వినిపించండి. మళ్ళీ చదవమన్న చోటల్లా గుర్తు పెట్టుకోండి. క్లయింట్ వివరాలు లేని పేజీ ఎంచుకోండి.

టూల్స్ గురించి తక్కువ మాటల్లో

స్టోరీలైన్, రైజ్, క్యాప్టివేట్, క్యామ్‌టేసియా అని సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకుంటే ఏమీ తేలదు. చిన్న పరీక్షలు పెట్టుకోండి. మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే (ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతో) మీ కోర్సును చివరిదాకా పూర్తి చేయండి. ఎక్కడ ఇరుక్కుపోయారో అక్కడే యాక్సెసిబిలిటీ లోటు. మామూలు సైజు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణంలోని ఏఏ స్థాయి చెబుతుంది. మీ స్లైడ్లలో ఆ లేత బూడిద రంగు అక్షరాలు దానికి నిలబడతాయా? తెలుగు కోర్సు అయితే పబ్లిష్ చేశాక మామూలు ఫోన్‌లో తెరిచి, ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా కనిపిస్తున్నాయేమో చూడండి.

ఇంకొకటి. పెద్ద కోర్సును మధ్యలో ఆపి మళ్ళీ తెరిస్తే ఆగిన చోటి నుంచి రావడం లేదని క్లయింట్ ఫిర్యాదు చేస్తే ఎక్కడ వెతకాలో మీకు తెలుసా? కోర్సును ఎల్‌ఎంఎస్‌తో (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) కలిపే స్కార్మ్ 1.2 ప్రమాణంలో, కోర్సు తన స్థితిని దాచుకునే చోటు 4,096 అక్షరాలకే పరిమితం, అది నిండితే ఇలా జరుగుతుంది. ఇది తెలిసిన డిజైనర్‌తో డెవలపర్లు హాయిగా పనిచేస్తారు.

ఏఐ టూల్స్ వచ్చాక మొదటి డ్రాఫ్టు వేగంగా రాయడం ఒక్కటే బలం అనుకోవడానికి వీల్లేదు. ఎవరికైనా అందుబాటులో ఉన్న ఒక పబ్లిక్ డాక్యుమెంట్ ఇచ్చి ఏఐతో స్టోరీబోర్డ్ రాయించండి. దాన్ని మీరే రివ్యూ చేయండి. విషయం తప్పు ఎక్కడ, ఆబ్జెక్టివ్‌కి చేరని ప్రశ్న ఎక్కడ, లేనిపోని సమాచారం ఎక్కడ అని పట్టుకోగలిగితే మీకు డిజైన్ బాగా వచ్చు. బాగానే ఉందే అనిపించి ఊరుకుంటే ఆబ్జెక్టివ్‌లు, ప్రశ్నల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

అందరూ దాటవేసే రెండు చివర్లు

ఒకటి మొదట్లో ఉంటుంది: ఇది అసలు ట్రైనింగ్‌తో తీరే సమస్యేనా అని అడగడం. ఆ ఫ్యాక్టరీలో కార్టన్లు మిగిలిపోతున్నది ఆపరేటర్లకు తెలియక కాకపోవచ్చు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఇచ్చే టైం చాలకపోవచ్చు, కన్వేయర్ కింద లైటు లేకపోవచ్చు. అప్పుడు ఎంత చక్కటి కోర్సు చేసినా ఫలితం ఉండదు. మనిషిని సరిదిద్దే ముందు అతని చుట్టూ ఉన్న ఏర్పాట్లు చూడమని అమెరికా మనస్తత్వవేత్త థామస్ గిల్బర్ట్ 1978లోనే చెప్పాడు. మీ కిక్ఆఫ్ నోట్స్ తెరిచి చూడండి. స్లైడ్లెన్ని, డెడ్‌లైన్ ఎప్పుడు, వాయిస్ ఓవర్ ఎవరిది అనే ప్రశ్నలే ఉన్నాయా? ‘ఇప్పుడు ఏం తప్పు జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది?’ అని అడిగిన దాఖలా ఉందా?

రెండోది చివర్లో. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి అమెరికా ప్రొఫెసర్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959 నుంచి రాసిన వ్యాసాల్లో నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకి ఏం ఒరిగింది. మనం ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే ఆగుతాం, ‘ఫీడ్‌బ్యాక్ బాగా వచ్చింది’ అని. మీ మూడు కోర్సుల్లో ఒక్కదానికైనా ఏ ప్రశ్నలో ఎక్కువమంది తప్పుతున్నారో మీకు తెలుసా? తెలియకపోతే ఎల్‌ఎంఎస్ అడ్మిన్‌ని అడిగారా? అడిగినా ఇవ్వకపోతే ‘అవకాశమే రాలేదు’ అని రాయండి. అసలు అడగకపోతే ఆ మాట రాయొద్దు.

ముగ్గుర్ని అడగండి, కానీ సూటిగా

‘నా పని ఎలా ఉంది?’ అంటే ‘సూపర్’ అంటారు. మన దగ్గర ఎదుటివాళ్ళను నొప్పించకూడదనే మర్యాద ఎక్కువ. అందుకని జవాబులో మర్యాద అడ్డురాని ప్రశ్న వేయాలి. డెవలపర్‌ని, ‘నా స్టోరీబోర్డులో ఏ స్క్రీన్ దగ్గర ఆగిపోయి నన్ను మళ్ళీ అడగాల్సి వచ్చింది?’ అనండి. ఎస్‌ఎంఈని, ‘సార్, నేను మిమ్మల్ని అడక్కుండా వదిలేసిన ముఖ్యమైన విషయం ఏదైనా ఉందా?’ అని అడగండి. మూడో వ్యక్తి ఆ కోర్సు చేసినవాళ్ళలో ఒకరైతే మరీ మంచిది. అతని పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, అతను ఎక్కడ వెనక్కి వెళ్ళాడో, ఎక్కడ చదవకుండా నెక్స్ట్ నొక్కాడో చూడండి.

టీచర్లుగా పనిచేసి వచ్చినవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఏ చోట పిల్లవాడు తడబడతాడో ముందే పసిగట్టే నేర్పు మీకు తరగతి గదిలోనే వచ్చింది. మంచి తప్పుడు ఆప్షన్లు, మంచి ఫీడ్‌బ్యాక్ రాయడానికి కావాల్సింది అదే. దాన్ని ‘సొంతంగా చేశాను’ కిందే రాసుకోండి. మీరు తగ్గించుకోవాల్సింది సిలబస్ మొత్తం చెప్పి తీరాలనే తపన. పని చేసుకునే పెద్దవాళ్ళకి ఆ రోజు పనికి కావాల్సినంత చెబితే చాలు.

ఇప్పుడు ఒక్క లోటు ఎంచుకోండి

ఏడు అంశాల పక్కనా గుర్తులు పడ్డాయి కదా. లోట్లన్నీ ఒకేసారి సరిచేయాలని కూర్చోవద్దు. మీ డ్రాఫ్టుల్లో పదేపదే కనిపించినదాన్ని, మీ తర్వాతి ప్రాజెక్టులోనే సాధన చేయడానికి వీలున్నదాన్ని ఒక్కటి ఎంచుకోండి. దానికి ఇంకో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు కొనే ముందు చేతిలో ఉన్న పనిలోనే ఒక షరతు పెట్టుకోండి. ఆబ్జెక్టివ్‌లు బలహీనంగా ఉన్నాయా? వచ్చే కోర్సులో స్క్రీన్లు రాయకముందే క్విజ్ రాసి ఎస్‌ఎంఈకి చూపించండి. విశ్లేషణ తక్కువైందా? తర్వాతి కిక్ఆఫ్‌కి వెళ్ళే ముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, వాటికి జవాబు రాకుండా కాల్ ముగించకండి. కనిపించిన బలాన్ని కూడా ఊరికే వదలొద్దు. స్క్రిప్ట్ బాగా రాస్తారని తేలితే, టీమ్‌లో తెలుగు వెర్షన్ల రివ్యూ మీరే చూస్తానని ముందుకు రండి.

ఇక ఆ అప్రైజల్ ఫారం తెరవండి. అంకె ఎలాగూ వేయాలి, వేయండి. కింద కామెంట్ గడిలో మాత్రం ఇలా రాయండి: ‘ఈ ఏడాది చేసిన మూడు కోర్సులు తిరిగి చూసుకున్నాను. సందర్భం ఇచ్చి అడిగే ప్రశ్నలు, మాట్లాడే తెలుగులో స్క్రిప్ట్ నా బలాలు. ఆబ్జెక్టివ్‌లలో సగం కొలవడానికి వీల్లేనివి, దాని మీద పనిచేస్తున్నాను. కోర్సు విడుదలయ్యాక ఫలితాలు చూసే అవకాశం ఇప్పటిదాకా రాలేదు. వచ్చే త్రైమాసికంలో ఒక ప్రాజెక్టుకు క్లయింట్‌తో మాట్లాడి ఎల్‌ఎంఎస్ రిపోర్టులు ఇప్పించగలరా?’